మనకు కావలసింది పూల్ కాదు, ఈత క్లబ్



ఈత క్లబ్ పెడదామని మేము పది పన్నెండు మందిమి అనుకుంటున్న మాట పేటంతా పాకింది. మంచిదే. కానీ పాకుతూ పాకుతూ అది "సమాజం స్విమ్మింగ్ పూల్ కడుతోందట" అయి కూర్చుంది. దాతల పేర్లు ఏ గోడ మీద చెక్కించాలి అనేదాకా చర్చ వచ్చింది. అందుకే ఇక్కడ రాస్తున్నాం. మేము అడుగుతున్నది క్లబ్, పూల్ కాదు.

పూల్ లెక్క ఒకసారి చూడండి. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉన్న మామూలు పూల్ నింపాలంటే 4,37,500 లీటర్ల నీళ్ళు కావాలి. పదివేల లీటర్ల ట్యాంకర్లయితే 44. నల్లా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసి డ్రమ్ములు నింపుకునే వాడలో 44 ట్యాంకర్లు గోతిలో పోయిస్తామంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? నింపడంతో అయిపోదు కూడా. ఫిల్టర్ రోజూ తిరగాలి, క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య ఉందా లేదా రోజూ చూడాలి. కొబ్బరికాయ కొట్టే రోజు అందరూ వస్తారు. క్లోరిన్ చూసే రోజు ఎవరొస్తారు?

పైగా మన సోలాపూర్‌లో కార్పొరేషన్ పూల్ ఉండనే ఉంది, అదీ మన మార్కండేయ మహాముని పేరుతోనే. మనకు లేనిదల్లా అందులోకి మన పిల్లల్ని పద్ధతిగా తీసుకెళ్ళే ఏర్పాటు. వారానికి ఫలానా గంటలు మాకు కేటాయించండి అని ఒక్కొక్క ఇల్లు వెళ్ళి అడిగితే పనికాదు. రిజిస్టరైన సంస్థ అడగాలి. 1860 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. మహారాష్ట్రలో దాన్ని ధర్మాదాయ ఆయుక్తుల దగ్గర ట్రస్టుగా కూడా నమోదు చేయించాలి, అంతే.

"మన తాతలు ఏ క్లబ్బులో నేర్చుకున్నారు?" అని ఒక పెద్దాయన అడిగారు. నిజమే, వాళ్ళకు క్లబ్ అక్కర్లేదు. కరీంనగర్, నల్లగొండ పల్లెల్లో నడుముకు మునుగబెండ్లు కట్టి వ్యవసాయ బావిలోకి తోసేవారు, రెండు రోజుల్లో ఈత వచ్చేది. మగపిల్లలకు. సోలాపూర్ వచ్చి సాంచాల మధ్య పెరిగిన మన తరానికి ఆ బావీ లేదు, తోసే మేనమామా లేడు. నీళ్ళు మాత్రం ఉన్నాయి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు హిప్పర్గా చెరువు దారి పడతారు. పండరిపురం వెళ్తే చంద్రభాగలో దిగకుండా రాం. నీళ్ళలో మునిగి మన దేశంలో ఏటా ముప్పై వేల మందికి పైగా చనిపోతున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. పదహారేళ్ళకు రావలసిన చావును తప్పించుకున్నవాడు మన మూలపురుషుడు. ఆయన పేరున్న పూల్ ఊళ్ళోనే ఉండగా పదహారేళ్ళ పిల్లలకు ఈత రాదంటే మాకు సిగ్గుగానే ఉంది.

అసలు చిక్కు ఆడవాళ్ళ గంట దగ్గర వచ్చింది. ముందు మగపిల్లలతో మొదలుపెడదాం, ఆడపిల్లల సంగతి తర్వాత చూద్దాం అని కొందరు పెద్దలంటున్నారు. ఆ "తర్వాత" ఎప్పుడొస్తుందో మనందరికీ తెలుసు. అందుకే మొదటి గంట ఆడవాళ్ళకే ఉండాలన్నది మా పట్టుదల. రోజంతా చేట ఒళ్ళో పెట్టుకుని, నడుం వంచి వెయ్యి బీడీలు చుట్టేది వాళ్ళు. తంబాకు పొడి పీల్చేది వాళ్ళు. వీపు సాగి, ఊపిరి నిండా ఆడే పని ఒకటుంటే అది ముందు వాళ్ళకే దక్కాలి. ఆడవాళ్ళు క్లబ్ ఏం నడుపుతారు అంటారా? కుంభారిలో గోదూతాయి పరుళేకర్ సొసైటీ పేర పదివేల ఇళ్ళు లేచాయి, 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించారు. ఆ సభ్యులు బీడీలు చుట్టే ఆడవాళ్ళే. పదివేల ఇళ్ళు సాధించుకున్న వాళ్ళకు పూల్‌లో ఒక గంట లెక్కా?

వయసు అయిపోయిందనే వాళ్ళకు గోలి శ్యామల గారి పేరు చెబుతాం. హైదరాబాద్‌కు చెందిన ఆమె నలభై దాటాక ఈత నేర్చుకుని 2021లో పాక్ జలసంధి ఈదారు. క్లబ్ ఎందుకు, ఎవరికి వారు నేర్చుకోవచ్చుగా అనే వాళ్ళకు కలకత్తా ఆరతి సాహా సంగతి. ఇంగ్లిష్ ఛానల్ ఈదిన తొలి ఆసియా మహిళ, 1959లో. చిన్నప్పుడు గంగ ఘాటులో ఈత పట్టుబడితే, తండ్రి ఆమెను హాట్‌ఖోలా స్విమ్మింగ్ క్లబ్‌లో చేర్పించాడు. హాట్‌ఖోలా అంటే ఒక పేట, మన సాఖర్ పేట లాగే.

బట్టల సంగతి కూడా తేల్చుకుందాం. చీరతో, నూలు డ్రెస్సుతో దిగనివ్వరని కొందరికి కోపం. నూలు పీచు ఊడి ఫిల్టర్‌లో చిక్కుకుంటుంది. పీచు ఎక్కడెక్కడ దూరుతుందో సాంచా నడిపేవాళ్ళకు వేరే చెప్పాలా? చేతులు, కాళ్ళు పూర్తిగా కప్పే పాలిస్టర్ కాస్ట్యూములు ఉన్నాయి. ఊరి నిండా యూనిఫాంలు కుట్టే కార్ఖానాలే, అవి కుట్టడం వాళ్ళకు ఎంతసేపు? ఇక తుడుచుకునే టవెల్ గురించి సోలాపూర్ వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు, దానికి జీఐ గుర్తింపే ఉంది. (మన టవెల్‌తో ఎక్కడెక్కడి ఈతగాళ్ళు తుడుచుకుంటారో! నేసినవాడి కూతురికి మాత్రం నీళ్ళంటే భయం.)

డబ్బు మాట. పెద్ద దాత వద్దు. ఒక్కడి డబ్బు మీద నిలిచిన క్లబ్ ఆయన అలిగిన రోజున మూతబడుతుంది. భిశీ కట్టినట్టు ఇంటికి నెలకు వంద రూపాయలు, రెండు వందల ఇళ్ళు చేరితే నెలకు ఇరవై వేలు. ముందు ఒక మహిళా కోచ్, ఒక లైఫ్‌గార్డు. మిగిలితేనే బ్యానర్లు. సభ్యత్వం పద్మశాలీలకే పెట్టాలన్న సూచన మేము ఒప్పుకోలేదు. పక్కింటి మరాఠీ, కన్నడ, మోమిన్ పిల్లలు కూడా అదే హిప్పర్గాకు పోతారు.

రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఏడు సంతకాలు కావాలి. నాలుగు పడ్డాయి, నలుగురూ మగవాళ్ళే. మిగతా మూడు ఆడవాళ్ళవే ఉండాలని కాగితాలు అక్కడే ఆపాం. అక్కలారా, ఆధార్ జిరాక్సు, ఒక ఫోటో తీసుకుని రండి. ఈత రాకపోయినా ఫరవాలేదు, మా నలుగురిలో ఇద్దరికి రాదు.

జై మార్కండేయ.