ప్రేక్షకుల ధర్మాగ్రహము

కొన్ని యేండ్ల క్రిందట సాయంకాలము ఏడున్నర గంటలకు మేడ్చల్ వీధులలో నడచువారికి ఒక వింత యనుభవము కలుగుచుండెడిది. ఒక యింటి గుమ్మము దాటి మఱియొక యింటి గుమ్మము చేరులోపల సంభాషణ తెగిపోయెడిది కాదు. ప్రతి గృహమునందును అవే గొంతులు, అదే కథ. 2017 అక్టోబరు 16వ తేదీన స్టార్ మా చానలునందు ప్రారంభమై 2023 జనవరి వఱకు నడచిన 'కార్తీక దీపం' ధారావాహికయే ఆ కథ. శామీర్‌పేట పరిసరముల కూరగాయల మళ్ళనుండి మరలివచ్చిన స్త్రీలును, మేడ్చల్ కర్మాగారములలో పగటి పని ముగించుకొనివచ్చిన స్త్రీలును పొయ్యిమీద ఎసరు పెట్టి ఆ కథముందు కూర్చుండెడివారు.

విద్యావంతులనేకులు దీనిని చూచి నవ్విరి. పనిలేనివారి కాలక్షేపమనిరి. మేమట్లు నవ్వజాలము. మేమును ఆ ప్రేక్షకులలోనివారమే. వంటలక్క కన్నీరు పెట్టినప్పుడు మా యింటను అన్నము చల్లారిన దినములు కలవు. కావున నభిమానుల పక్షమున రెండు మాటలు చెప్పుట మా విధి యని తలంచుచున్నాము.

ఆ కథ సంగ్రహముగా నిట్టిది. దీప నల్లని పిల్ల, గుణవంతురాలు. హృద్రోగవైద్యుడైన కార్తీక్ ఆమెను వలచి వివాహమాడెను. రంగును చూచి అత్తగారు ఈసడించెను. అంతటితో నాగక, తనకు సంతానయోగ్యత లేదని మోనిత కల్పించిన యబద్ధమును నమ్మి, గర్భవతియైన భార్యను భర్తయే శంకించెను. ఆమె గడప దాటెను. చేతి వంటను నమ్ముకొని బ్రదికెను. ఎవరియొద్దను చేయి చాపలేదు. తెలుగునాట ఆమెకు వంటలక్క యను పేరు స్థిరపడుటకు కారణమిదియే.

ఇందు ప్రేక్షకులు కోరినదేమి? భార్యాభర్తల కలయిక యని పైపై చూపునకు తోచును. కాని మేడ్చల్ బస్సులలో మేము విన్న వాదములు వేఱు. "డాక్టరు బాబు ముందు తప్పొప్పుకొనవలెను, పదిమందిలో ఆమె నిర్దోషి యని చెప్పవలెను, ఆ తరువాతనే కలియవలెను" అని ఆ తల్లులు తీర్పు చెప్పుచుండిరి. వారు ప్రణయమును కోరిరి గాని, న్యాయమునకు వెలగా గట్టు ప్రణయమును కోరలేదు. ఈ భేదమును కథారచయితలు గ్రహింపకపోవుటయే మా ఫిర్యాదు.

శామీర్‌పేట మండలమునందలి తుర్కపల్లి ప్రాంతమున జీనోమ్ వ్యాలీ కలదు. అచ్చటి భారత్ బయోటెక్ సంస్థ భారత వైద్య పరిశోధన మండలితో కలిసి రూపొందించిన కొవాగ్జిన్ టీకాకు 2021 జనవరిలో అత్యవసర వినియోగమునకు అనుమతి లభించెను. జీవకణముల రహస్యములను శోధించు ప్రయోగశాలల నీడన నివసించు జనులు, రాత్రియైనంతనే టెలివిజనులో ఒక వైద్యుడు ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకొనక యేండ్ల తరబడి భార్యను శంకించుట చూచుచుండిరి. "ఆ పరీక్ష యేదో చేయించుకో బాబూ" యని తెలుగునాట వినిపించిన పరిహాసములో హాస్యమెంత గలదో ఆగ్రహమంత గలదు. సందేహనివృత్తికి మార్గమున్నను వెదకని భర్త ప్రేమికుడెట్లగును?

2022 మార్చిలో మఱియొక ప్రయోగము జరిగెను. దీపాకార్తీకులు ప్రమాదమున మరణించినట్లు చూపి, వారి కవలపిల్లలైన శౌర్య, హిమలను పెద్దవారిని చేసిరి. అక్కచెల్లెండ్రిరువురకు నడుమ నిరుపమ్ అను యువకుని నిలిపిరి. అతడు హిమను ప్రేమించును. శౌర్య యతనిని ప్రేమించును. హిమ తన ప్రేమను త్యాగము చేసి అతనిని సోదరి కప్పగింపజూచును. పురుషుడు పేరంటమునాటి పసుపుకుంకుమల పళ్ళెమా, ఒకరి చేతినుండి మఱియొకరి చేతి కందించుటకు? త్యాగమను గొప్ప పేరు తగిలించినంత మాత్రమున, అతని యిష్టము నడుగకుండ చేసిన పని ధర్మమగునా? ప్రేక్షకు లీ కథ నాదరింపలేదు. దీపను, డాక్టరు బాబును మరల తీసికొనిరండని పట్టుపట్టిరి. కొన్ని మాసములకే ఆ దంపతులు మరల కథలోనికి వచ్చిరి. జనవాక్యము గెలిచెను.

ఇట్టి ప్రజావాక్యము క్రొత్తది కాదు. 1984 జులైలో దూరదర్శన్ 'హమ్ లోగ్' ధారావాహికను ప్రారంభించెను. మనోహర్ శ్యామ్ జోషీ రచయిత. 156 భాగములు ప్రసారమైనవి. ప్రతి భాగాంతమున నటుడు అశోక్ కుమార్ ప్రేక్షకులతో మాటలాడుచుండెను. దానికి వచ్చిన లేఖలు నాలుగు లక్షలకు మించినవని లెక్కించిరి. కథను నడుపువారు జనుల మాటను వినుటకు నాడు చోటుండెను. నేడు ప్రోమోలు వేసి ఊరించుటయే గాని, అడుగుట యేది?

అంతకు పూర్వము 1892లో విజయనగరమున 'కన్యాశుల్కము' ప్రదర్శితమయ్యెను. అమ్ముడుపోవు బాలికల దుఃఖమును ఆ నాటకము జనుల కన్నులముందు నిలిపెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తొలి వితంతు వివాహమును జరిపించినప్పుడు ఊరంతయు వాదించెను. ప్రణయము, వివాహము అను విషయములు మనకు వట్టి వినోదములు గావు. వానిగూర్చి బహిరంగముగా వాదించి ముందడుగు వేసిన జాతి మనది. నాడు రంగస్థలము చేసిన పనిని నేడు టెలివిజను చేయవలదా?

అడ్డంకులు లేనిదే కథ లేదని రచయితలు చెప్పుదురు. నిజమే. కాని అడ్డంకులకు కుట్రలును, దొంగ వైద్యపత్రములును, మరచిపోయిన జ్ఞాపకములును మాత్రమే దిక్కా? శామీర్‌పేట చెఱువు గట్టు మీద ఒక సాయంకాలము కూర్చున్నచో నూఱు కథలు లభించును. భూమి ధర పెరిగినకొలది సంబంధములు తెగిన యిండ్లు కలవు. కులము వేఱని విడదీయబడిన జంటలు కలవు. రాత్రి పాళీ పనికి పోవు పిల్లను అనుమానించు అత్తలు కలరు, ఆమెకు తోడు నిలిచిన భర్తలును కలరు. ఈ ప్రణయములకు కన్నీరు తక్కువ కాదు, నమ్మకమెక్కువ.

ఇంకొక మాట. 'కార్తీక దీపం' మలయాళమునందలి 'కరుత్తముత్తు'కు తెలుగు రూపము. ఆ మూలమునందు నటించిన ప్రేమీ విశ్వనాథ్ గారే ఇచ్చటను దీపగా వచ్చి మన యింటి ఆడుబిడ్డయైనది. సోదరభాష కథను ఆదరించుటలో తప్పు లేదు. అది దేశైక్యమునకు శోభ. ఐనను అప్పు తెచ్చిన కథలతోనే సంసారము గడపరాదు. 2008 నుండి 2013 వఱకు జెమినీ చానలులో నడచిన 'మొగలిరేకులు' మంజులానాయుడుగారి దర్శకత్వమున వెలువడి మన కథలకును ప్రేక్షకులున్నారని చూపెను.

2024 మార్చి 25న 'కార్తీక దీపం' రెండవ భాగము 'ఇది నవవసంతం' అను పేరుతో ప్రారంభమైనది. అందు దీప ఒక కూతురు గల తల్లి. భర్త వలన నలిగిన స్త్రీకి రెండవ వసంతము కలదని చెప్పజూచు తలంపును మేము మనసార స్వాగతించుచున్నాము. ఆ తలంపునకు తగిన నడక కావలెను. ఆమె కోరిక నడుగకుండ ఆమె బ్రదుకును తీర్పరాదు. ఆమె మీద మోపిన నిందను అందఱి యెదుట తొలగింపక కౌగిలింతతో కథ ముగింపరాదు.

మేడ్చల్ ఇండ్లలో తల్లి ప్రక్కన కూర్చుండి కథలు చూచు ఆడపిల్లలు కలరు. శంకించిన మగవాడు తుదకు తిరిగివచ్చును గనుక సహించుట మేలని వారు నేర్చుకొందురా, లేక నమ్మనివాడు ప్రేమికుడు కాడని నేర్చుకొందురా? ఆ పాఠము రచయితల చేతిలోనున్నది. వారు దానిని జాగ్రత్తగా వ్రాయుదురుగాక.