గొలుసు ‘పోయినది’ అని వ్రాయరాదు

గడచిన ధనుర్మాసమున ఒకనాటి వేకువను మా పొరుగింటి పెద్దమ్మగారు వాకిట ముగ్గు పెట్టుచుండగా మోటారుసైకిలుపై ఇద్దరు వచ్చిరి. ఒకడు దిగి, కత్తి చూపి, ‘అరిస్తే పొడుస్తా’నని బెదరించి, ఆమె మెడలోని నాలుగు కాసుల గొలుసు తెంపుకొని పోయెను. పోలీసులకిచ్చుటకై ఆమె మనుమడు ఇంగ్లీషున ఒక కాగితము వ్రాసి, మమ్ము చూడుమని తెచ్చెను. పిల్లవానికి తెలుగు వ్రాయుట రాదు. అది వాని తప్పు కాదు.

మొదటి వాక్యముననే ‘మై గ్రాండ్‌మదర్ లాస్ట్ హర్ చైన్’ అని యున్నది. నగ పోయినదను మన మాటకు అది మక్కికి మక్కి. మనకు జారిపడినను పోయినదే, దొంగ యెత్తుకొనిపోయినను పోయినదే. ఇంగ్లీషున ‘లాస్ట్’ అన్నచో ఆమె యెక్కడనో పారవేసుకొన్నదని యర్థము. ఆ వాక్యములో దొంగయే లేడు!

అంతట మేము వానిని కూర్చుండబెట్టి మాటలు చెప్పితిమి. చాటుమాటున వస్తువు నెత్తుకొనిపోయిన ‘థెఫ్ట్’. ఇంటిలో చొరబడి చేసినది ‘బర్గ్లరీ’. మృచ్ఛకటికమున శర్విలకుడు చారుదత్తుని గోడకు కన్నము వేసి చేసినది అదియే. చటుక్కున లాగుకొని పోయిన ‘స్నాచింగ్’. కొట్టియో, భయపెట్టియో హరించిన ‘రాబరీ’. అయిదుగురో అంతకు మించియో కూడి చేసిన ‘డెకాయిటీ’. ఈ మాట ఇంగ్లీషువారికి మన దేశమునుండియే పోయినది. ఈ వివేకము మనకు క్రొత్తది కాదు. ఎదుటబడి బలిమిని హరించుట సాహసమనియు, చాటున హరించుట స్తేయమనియు మనుస్మృతి వేరుపరచినది. ఆ సాహసమే నేడు మెచ్చుకోలు మాట యైనది!

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో 303వ సెక్షను థెఫ్టు, 304వది స్నాచింగు. వీనికి సాధారణముగా మూడేండ్లవరకు శిక్ష. 309వది రాబరీ, దానికి పదియేండ్లవరకు కఠినశిక్ష. చౌర్యము చేయుటకై ఆ క్షణముననే చంపుదుననియో కొట్టుదుననియో భయము కలిగించిన అది రాబరీ యగును. కావున ‘పొడుస్తా’నన్న ఆ యొక్క మాటయే యిచ్చట ప్రాణము.

పిల్లవాడు దానిని ‘హీ స్టాబ్స్’ అని వ్రాసెను. నవ్వు వచ్చినది గాని వానిననుటకు లేదు. పాలవాడు రోజూ వస్తాడు, చుట్టము రేపు వస్తాడు అనుచు అలవాటునకును రాబోవుదానికిని ఒకే క్రియ వాడుదుము. మన వ్యాకరణమున వండునన్నది తద్ధర్మము, వండగలడన్నది భవిష్యత్తు. నేడు వండగలడన్నచో వానికి వంట వచ్చునని తలంతురు. ఇంగ్లీషున ‘హీ స్టాబ్స్’ అన్న వానికి పొడుచుట నిత్యకృత్యమని తోచును. బెదరింపునకు ‘ఐ విల్ స్టాబ్ యూ’ అనవలయును. మబ్బు క్రమ్మియుండుట చూచి వాన రాబోవుచున్నదనునపుడు ‘గోయింగ్ టు’. టిక్కెట్లు కొని యుంచిన రేపటి ప్రయాణమునకు ‘వుయ్ ఆర్ లీవింగ్ టుమారో’. రైలువేళకు మాత్రము ‘ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్’ అని వట్టి క్రియయే చాలును. బాలుడు పొరబడినది ఇచ్చటనే కాబోలు. శాసనములలోని ‘షల్ బీ పనిష్డ్’ భవిష్యత్తు కాదు, శిక్షింపవలయునను విధి.

ఇంతయు దిద్దినపిమ్మట మా వారు వచ్చి, ‘ఆమె నోట తెలుగున చెప్పిన చాలదా?’ అనిరి. చాలును. నోటితో చెప్పినదానిని వ్రాసికొని, చదివి వినిపించి, సంతకము గైకొని, ప్రతి నుచితముగా నీయవలయునని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెప్పుచున్నది. పెద్దమ్మగారు అట్లే చేసిరి. చదువుచుండగా నడుమ ఆపించి, కత్తి సంగతియు, ‘పొడుస్తా’నన్న మాటయు పడినవో లేదో అడిగి, అటుపైననే సంతకము చేసిరట.

గొలుసు ఇంకను రాలేదు. మొన్న స్టేషనునుండి ‘దొరుకుతుందండీ’ అని ఫోను వచ్చినది. పెద్దమ్మగారు మా గుమ్మమున నిలిచి, ‘అమ్మాయీ, ఆయన అన్నది విల్లా, గోయింగ్ టూనా?’ అని యడిగిరి. మబ్బు కనబడినదో లేదో ఆయననే యడుగుడని చెప్పి పంపితిమి.