కొండకో విశేషణం

ఘాజియాబాద్ వైశాలిలో కాపురముంటున్న ఒక తెలుగింట్లో మొన్న చిన్న పేచీ. చూడగానే ఒళ్లు జలదరించే దృశ్యమొకటి ఐదు వాక్యాల్లో రాసుకు రమ్మన్నారట బడిలో ఇంగ్లిషు టీచరు. పిల్లకు వెతుక్కునే పని లేకపోయింది. మేడెక్కితే దూరంగా ఘాజీపుర్ చెత్తకొండ, దానిమీద గద్దలు. తగవంతా విశేషణం దగ్గరే. 'అగ్లీ' అంది పిల్ల. 'హారిబుల్' అన్నాడు తండ్రి. 'డిస్గస్టింగ్' అని వంటింట్లోంచి తల్లి.

తలా ఒక అవయవం తరఫున మాట్లాడినట్టుంది. ఇవాళ్టి వాడుకలో అగ్లీ కంటిది. హారిబుల్ చర్మానిది, దాని లాటిన్ మూలానికి వెంట్రుకలు నిక్కబొడుచుకోవడమని అర్థం, అచ్చం మన గగుర్పాటే. డిస్గస్టింగ్‌లో ఉన్న 'గస్ట్' రుచి, అంటే నాలుకది. ఇంగ్లిషు ఇప్పుడు దృశ్యానికి బిళ్ల తగిలించి ఊరుకుంటుంది. మనమైతే కడుపులో దేవిందనో, నోట మాట రాలేదనో చూసినవాడి అవస్థ చెబుతాం.

ఏ భాషలోనైనా ఈ మాటలు తొందరగా అరిగిపోతాయి. టెరిఫిక్ అంటే ఒకప్పుడు భయపెట్టేది, ఇప్పుడు భేషైనది. మనవాళ్లూ తక్కువ తినలేదు. నాట్యశాస్త్రం జుగుప్సను స్థాయిగా చేసి రసాల్లో కూర్చోబెట్టిన బీభత్సం, నేడు సినిమా హాలు బయట కుర్రాళ్ల మెచ్చుకోలు. పత్రికలవాళ్లం మేమూ ఈ పాపంలో భాగస్థులమే. ప్రమాదమైతే 'ఘోర', హత్యైతే 'దారుణ' అని ముందే అచ్చు కూర్చి పెట్టుకున్నట్టు రాస్తాం. ఘోరం కాని ప్రమాదం ఎలా ఉంటుందో ఎవరూ అడగరు.

ఆ కొండ సంగతే చూడండి. అక్కడ చెత్త పోయడం 1984లో మొదలైంది. 2002కే చోటు నిండింది. అయినా పోస్తూనే వచ్చారు. 2019 నాటికి 65 మీటర్లకు లేచింది. తాజ్‌మహల్ ఎత్తు 73. అంతకు ముందే, 2017 సెప్టెంబరు 1న, ఒక వైపు విరిగిపడి రోడ్డున పోయే బళ్లను కాలువలోకి తోసేసింది. ఇద్దరు చనిపోయారు. ఇలాంటిదాన్ని అగ్లీ అంటే, అందంగా లేదని ఫిర్యాదు చేసినట్టుంటుంది.

పిల్ల చివరికి ముగ్గురి మాటలూ కొట్టేసి, ఎండాకాలంలో మేం ఆ వైపు కిటికీ తెరవం అని రాసుకుపోయింది. విశేషణం లేదని టీచరు ఒక మార్కు తగ్గించారట.