రీస్టార్ట్ లేని ప్యాచ్ సగం పనే

సంపాదకుల వారికి,

సైబర్ భద్రత మీద ఈమధ్య మీరు వేసిన వ్యాసంలో ‘ప్యాచ్ రాగానే వేసేయండి’ అన్న సలహా ఉంది. మంచి మాటే కానీ అక్కడితో ఆగిపోతే చాలదు. ప్యాచ్ వేసిన తర్వాత సర్వర్‌ను రీస్టార్ట్ చేయనివ్వని ఆఫీసులు మన దగ్గర చాలానే ఉన్నాయి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

లినక్స్ సర్వర్‌లో ఒక లైబ్రరీని అప్‌డేట్ చేస్తే మారేది డిస్క్ మీది ఫైలు. అప్పటికే నడుస్తున్న అపాచీ వెబ్ సర్వర్ మాత్రం మెమరీలోకి ఎక్కించుకున్న పాత లైబ్రరీతోనే పని చేస్తూ పోతుంది. పాత ఫైలును డిస్క్ మీంచి తీసేసినా, దాన్ని పట్టుకున్న ప్రాసెస్ ఆగేదాకా అది పోదు. ప్యాకేజీల జాబితాలో కొత్త వెర్షనే కనిపిస్తుంది కాబట్టి తనిఖీకి వచ్చినవారు టిక్కు పెట్టి వెళ్లిపోతారు. 2014 ఏప్రిల్‌లో, ఎన్‌క్రిప్షన్‌కు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు ఇది ఎంత ప్రమాదమో తెలిసింది. ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల దాకా సర్వర్ మెమరీ బయటికి పోయేది. అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, సర్వర్ రహస్య తాళమే ఉండొచ్చు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.1జి వేసి రీస్టార్ట్ చేయని చోట లోపం అలాగే ఉండిపోయింది. రీస్టార్ట్ చేసినవారు కూడా తాళాలు, సర్టిఫికెట్లు మార్చుకోవలసి వచ్చింది.

ఒక్కోసారి ప్యాచే సరిపోదు. 2021 అక్టోబరు 4న అపాచీ 2.4.50 ఒక లోపాన్ని సరిచేస్తూ వచ్చింది. ఆ సవరణ చాలలేదని 7వ తేదీనే 2.4.51 విడుదల చేశారు. మొదటిది వేసి ఊరుకున్నవారి సంగతేమిటి?

‘సైటు నిమిషం కూడా ఆగకూడదు’ అనే అధికారుల భయం నాకు అర్థమవుతుంది. పరీక్షా ఫలితాల రోజున ఆగితే పిల్లలు అల్లాడిపోతారు. కానీ లోడ్ బ్యాలెన్సర్ వెనక రెండు సర్వర్లు ఉంటే ఒకదాన్ని పక్కకు తప్పించి, ప్యాచ్ వేసి, పరీక్షించి, తిరిగి చేర్చాక రెండోదాన్ని తీసుకోవచ్చు. ఒక్కటే ఉంటే ముందుగా ప్రకటించి అర్ధరాత్రి ఆపవచ్చు. రీస్టార్ట్‌కు ముందు కాన్ఫిగరేషన్ పరీక్ష, మొరాయిస్తే ఎర్రర్ లాగ్ చదవడం, అప్పటికీ లేవకపోతే పాత వెర్షన్‌కు వెళ్లడం... ఇవన్నీ తెలిసిన పనులే. వీటికి సమయం ఇవ్వకుండా, ఏదైనా జరిగితే నైట్ డ్యూటీలో ఉన్న కుర్రాడికి మెమో ఇవ్వడం అన్యాయం.

ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు తమ వెబ్‌సైట్ల నిర్వహణ ఒప్పందాల్లో రెండు షరతులు చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నెలకోసారి సర్వర్ ఆపుకోవడానికి ముందే ఖరారు చేసిన సమయం ఇవ్వాలి. ప్యాచ్ నివేదికలో ఇన్‌స్టాల్ అయిన వెర్షన్‌తో పాటు, రీస్టార్ట్ తర్వాత నిజంగా నడుస్తున్న వెర్షన్ కూడా రాయించాలి.

ఇట్లు,
ఒక సర్వర్ నిర్వాహకుడు,
హైదరాబాద్