బిడ్డల అప్పగింత

భార్యాభర్తలు విడిపోయినపుడు బిడ్డ యెవరియొద్ద నుండవలయునో నిర్ణయించుట న్యాయస్థానమునకు కష్టమే. ఆ నిర్ణయమును అమలు జరిపించుట అంతకంటె కష్టము. భూమి తగాదాలో డిక్రీ పొందినవానికి అమీను పోయి పొలము స్వాధీనపరుపగలడు. పొలము ఏడ్వదు, ఊరు దాటిపోదు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని, ఆయన తమ్ముని తండ్రి నారాయణయ్యగారు 1910లో అనీబిసెంటుగారి సంరక్షణకు ఒప్పగించి, 1912లో తిరిగి కోరి దావా వేసిరి. 1913లో మదరాసు హైకోర్టు బాలురను తండ్రికి అప్పగింపుమనెను. బాలురప్పటికి ఇంగ్లండులో నుండిరి. బాలురు నివసింపని చోటి కోర్టునకు అధికారము లేదనియు, వారికి తమ మాట చెప్పుకొను అవకాశము దొరకలేదనియు 1914లో ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పును కొట్టివేసెను. తండ్రి గెలుపు కాగితముననే నిలిచెను.

నేటికిని 1890 నాటి సంరక్షకుల చట్టమే ఆధారము. బిడ్డ సాధారణముగా నివసించు జిల్లా కోర్టే విచారింపవలయునని దాని 9వ సెక్షను. కరీంనగరము బిడ్డను ఆదిలాబాదునకో, ప్రాణహిత దాటించి మహారాష్ట్రమునకో తీసికొనిపోయినచో, తగవు ముందు కోర్టును గూర్చియే సాగును. గల్ఫు దేశములకు పోయినవారి కుటుంబములు మన జిల్లాలలో అనేకము గలవు. పిల్లల అపహరణమును గూర్చిన 1980 హేగు ఒడంబడికలో భారతదేశము చేరలేదు.

ఉత్తరువు అమలునకై బిడ్డనే అరెస్టు చేయింపవచ్చునని 25వ సెక్షను చెప్పుచున్నది. ధిక్కరించినవారికి 45వ సెక్షను నాడు విధించిన జరిమానా 100 రూపాయలు, పిదప దినమునకు 10, మొత్తము 500కు మించరాదు. దానితోపాటు బిడ్డను తెచ్చెదనని ఒప్పుకొనుదాక సివిలు జైలు. ఇట్టి జరిమానా నేడెవరిని భయపెట్టును?

తల్లినో తండ్రినో జైలునకంపిన దుఃఖము బిడ్డకే యనువారు గలరు. నిజమే. కాని ఉపేక్షించినను నష్టము బిడ్డదే. రెండేండ్లు దాచియుంచిన బిడ్డ రెండవవారిని మరచును. అంతట ఆ మరపునే బిడ్డ క్షేమమునకు సాక్ష్యముగా చూపుదురు. ఆలస్యము ధిక్కారికి బహుమానమగుచున్నది.

కావున అప్పగింతకు స్థలము, దినము, వేళ ఉత్తరువులోనే వ్రాయవలయును. జిల్లా దాటించుటకు ముందు జామీను గైకొనవలయును. మొదటి ఉల్లంఘనమును దినములలో విచారింపవలయును. పోలీసు దుస్తులకు మారుగా శిక్షణ పొందిన స్త్రీ బిడ్డను చేయిపట్టి తేవలయును. ఊహ తెలిసిన బిడ్డ మాటను న్యాయాధిపతి స్వయముగా, ఏకాంతమున వినవలయును. వకీళ్లు వాయిదాలు కోరుటకు ముందు ఒక్కటి తలంపవలయును: వాయిదాపడిన బాల్యము మరల రాదు.