సాంచాల సందు ముచ్చట: దుకాణం తెరిచారు, కొలువు పోయింది

పోయిన ఆదివారం మన సందు చివరి చాయ్ హోటల్లో కూర్చున్నాం. రాత్రి పాళీ దిగిన పిల్లగాడొకడు సెల్‌ఫోన్ నా ముందర పెట్టిండు. "చూడు కాకా, అమెరికాల గంజాయి అద్దాల షాపుల పెట్టి అమ్ముతున్నరు. అక్కడ తప్పు కానిది మనకెందుకు తప్పు?" అన్నాడు. పక్కనున్నోళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వాడడిగింది సరైన ప్రశ్నే. కోప్పడితే అది జవాబు కాదు గదా. అందుకే ఈ నెల ముచ్చట ఇదే.

వాడు చూపించినట్టు దుకాణాలున్న మాట నిజం. దీనికి దారి తీసింది కొలరాడో రాష్ట్రం. మందుగా వాడుకోవడానికి అక్కడి జనం 2000లోనే ఓటేశారు. సరదాకు వాడుకున్నా నేరం కాదని 2012 నవంబరులో మళ్లీ ఓటేశారు. 2014 జనవరి 1 పొద్దున దుకాణాలు తెరిస్తే, డెన్వర్ నగరంలో జనం చలిలో వరుస కట్టారు. ఆ దేశంలో అలాంటి అమ్మకం అదే మొదలు.

ఒప్పుకున్నోళ్ల వాదన కూడా వినాలి. ఎట్లాగూ చాటుగా అమ్ముడవుతోంది, చిన్న పొట్లానికి కుర్రాళ్లు కేసుల పాలవుతున్నారు, ఆ పైకం దొంగల చేతికి పోయే బదులు సర్కారుకు పన్నుగా రానీ అన్నారు. టోకు సరుకు మీద 15 శాతం పన్ను వేసి, అందులో ఏటా మొదటి 4 కోట్ల డాలర్లు బడి కట్టడాలకు ఇస్తామని ఓటర్లకు మాటిచ్చారు.

అయినా పగ్గాలు వదిలేయలేదు. 21 ఏళ్లు నిండాలి. మొదట్లో ఒక్కసారికి ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు మించొద్దన్నారు. వీధిలో, పార్కులో తాగొద్దు. మన బేళ్లకు నంబరు వేసినట్టు ప్రతి మొక్కకూ ఒక చీటీ. గంజాయి కలిపిన మిఠాయిలను చూసి పిల్లలు మోసపోతారని, 2017 నుంచి జంతువుల, పండ్ల ఆకారంలో చేయడం బంద్ పెట్టారు.

ఇక కష్టం చేసి బతికేటోళ్లు చెవిన పెట్టాల్సిన మాట. అదే రాష్ట్రంలో బ్రాండన్ కోట్స్ అనే ఆయన డిష్ నెట్‌వర్క్ అనే టీవీ కంపెనీలో ఫోన్ల మీద జవాబు చెప్పే పని చేసేవాడు. పదహారేళ్ల వయసులో కారు ప్రమాదంలో కాళ్లూ చేతులూ పడిపోయి, చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు. కండరాల ఈడ్పులకు గంజాయి వాడుకోవడానికి సర్కారు ఇచ్చిన కార్డుంది. ఇంట్లో, పని అయిపోయినంక వాడేవాడు. 2010లో కంపెనీ పరీక్ష చేయిస్తే అది బయటపడింది. కొలువు తీసేశారు.

ఆయన కోర్టుకెక్కాడు. 2015 జూన్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్ర చట్టం ఒప్పుకోలేదు కాబట్టి తీసేయడం తప్పు కాదంది. అమ్మేవాడికి దుకాణం దొరికింది, సర్కారుకు పన్ను దొరికింది. పనోడికి మాత్రం భరోసా దొరకలేదు.

మన ఇండ్లల్లోంచి చదువుకు పోయిన పిల్లలకు ఇంకో గండం ఉంది. వీసాలు, గ్రీన్‌కార్డులు ఇచ్చేది అక్కడి కేంద్ర సర్కారు. రాష్ట్రం ఒప్పుకున్న గంజాయి దుకాణంలో కొలువు చేసినా పౌరసత్వానికి అడ్డు కావచ్చని 2019లో వాళ్ల వలస శాఖే రాసి చెప్పింది. పార్ట్‌టైమ్ పని దొరికిందని ఫోన్ చేస్తే, ఏం పని బిడ్డా అని ఒక్కమాట అడగండి.

ఇక మన దగ్గర. 1985 నాటి మత్తుమందుల చట్టం కింద కిలోలోపు దొరికినా ఏడాది వరకు జైలు, పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. కిలో నుంచి 20 కిలోల వరకైతే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గదు, ఇరవై దాకా పోతుంది. "ఈ సంచి ఆ ఊళ్లో దించు, ఖర్చులకిస్తా" అనేటోడు ఈ లెక్క చెప్పడు. సంచి మోసినోడు దొరుకుతాడు. పంపినోడు ఇంట్లో ఉంటాడు.

ఇదంతా చెప్పినంక అందరూ లేచిపోయారు. ఆ పిల్లగాడు మాత్రం కదల్లేదు. గ్లాసు వైపు చూసుకుంటూ మెల్లగా అడిగాడు: "మరి ఇప్పటికే అలవాటైనోడు ఏం జేయాలె కాకా?"

అప్పుడు తెలిసింది, వాడడగొచ్చింది అమెరికా ముచ్చట కాదని.

చెప్పిన. తాగినందుకో, కొద్దిపాటి సరుకుకో కేసైనవాడు కూడా, సర్కారు దవాఖానాలోగానీ సర్కారు గుర్తించిన చోటగానీ తనంత తానే చికిత్సకు చేరి, మధ్యలో వదలకుండా పూర్తి చేస్తే శిక్ష నుంచి తప్పించే సెక్షన్, 64ఏ, అదే చట్టంలో ఉంది. 14446కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా దారి చెబుతారు. మర్నాడు పాళీ దిగినంక ఇద్దరం కలిసి దవాఖానాకు పోయినం.

అమ్మలారా, మీ పిల్లగాడు ఎవరి సంగతో అన్నట్టు ఇలాంటి ప్రశ్న అడిగితే కసురుకోకండి. ముందు పక్కన కూర్చోబెట్టుకోండి.