వెండితెర దాటవేసిన ప్రశ్న

తెలుగు పాఠకులకు ‘వెండితెర నవల’ కొత్తది కాదు. తెరపై చూసిన కథను తిరిగి పుటలలో చదువుకొనే ఆనందాన్ని ముళ్ళపూడి వెంకటరమణ వంటి రచయితలు మనకు ఏనాడో అందించారు. అయితే కుటుంబ కథాచిత్రాన్ని నవలగా మలచడం ఒక ఎత్తు, విజ్ఞాన కల్పనా చిత్రాన్ని నవలగా మలచడం మరొక ఎత్తు. రెండవ దానిలో సంభాషణలకు వర్ణనలు జోడిస్తే సరిపోదు. చిత్రంలోని యంత్రం తన నియమాలకు తానైనా కట్టుబడి ఉన్నదా అని రచయిత తనిఖీ చేయవలసి ఉంటుంది. అటువంటి తనిఖీ ఒకదానిని ఈసారి పరిశీలిద్దాము.

రిచర్డ్ ఫ్లీషర్ దర్శకత్వంలో 1966లో ‘ఫెంటాస్టిక్ వాయేజ్’ అనే అమెరికన్ చిత్రం వెలువడింది. మెదడులో రక్తం గడ్డకట్టి స్పృహ కోల్పోయిన ఒక శాస్త్రవేత్తను రక్షించడానికి, ‘ప్రోటియస్’ అనే జలాంతర్గామిని ఐదుగురు సిబ్బందితో సహా సూక్ష్మజీవి అంతగా కుదించి, సూది ద్వారా ఆయన రక్తనాళంలోకి పంపుతారు. గడువు 60 నిమిషాలు. అది దాటితే కుదించినదంతా మళ్ళీ పెరగనారంభిస్తుంది. కళాదర్శకత్వానికీ, దృశ్య మాయాజాలానికీ ఈ చిత్రం రెండు ఆస్కార్ బహుమతులు గెలుచుకున్నది.

దీనిని నవలగా వ్రాసే పని ఐజాక్ అసిమోవ్‌ను వరించింది. ఆయన బోస్టన్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో జీవరసాయన శాస్త్రాచార్యులు. చిత్రకథలో ఆయనకు పెద్ద లోపమే కనిపించింది. చివరి ఘట్టంలో తెల్ల రక్తకణం ఒకటి జలాంతర్గామిని, అందులో చిక్కుకున్న ద్రోహితో సహా మింగివేస్తుంది. మిగిలినవారు కంటి మార్గాన కన్నీటి బొట్టులో బయటపడతారు. ప్రేక్షకులు ఊపిరి పీల్చుకుంటారు. కానీ జలాంతర్గామి ఇంకా రోగి శరీరంలోనే ఉన్నది కదా! ముక్కలైనా, జీర్ణమైనా ఆ పదార్థమంతా పెరుగుతుంది. అప్పుడు రోగి బ్రతుకుతాడా?

అసిమోవ్ తన నవలలో ముగింపును మార్చారు. సిబ్బంది ఆ తెల్ల కణాన్ని రెచ్చగొట్టి తమ వెంట రప్పించుకుంటారు. అది జలాంతర్గామి శకలాలతో సహా కంటి దాకా వచ్చి బయటపడుతుంది. చిత్రం చూస్తున్నప్పుడు పదకొండేళ్ళ ఆయన కుమార్తె కూడా ఓడ పెరిగి ఆ మనిషి చనిపోడా అని అడిగిందట!

మన వృత్తిలో ఉన్నవారికి ఈ లెక్క సుపరిచితమే. ఓవర్‌హాలింగ్ ముగిసి టర్బైన్ కేసింగ్ మూసే ముందు లోనికి వెళ్ళిన పనిముట్లన్నీ తిరిగి వచ్చాయో లేదో లెక్కపెట్టుకుంటాము. శస్త్రచికిత్స ముగించే ముందు వైద్యులు దూది, గాజుగుడ్డ లెక్కించేదీ అందుకే. ఒక్క స్పానర్ తక్కువైనా కేసింగ్ మూయరాదు.

గాలి విషయం కూడా ఇటువంటిదే. చిత్రంలో ప్రోటియస్ రోగి ఊపిరితిత్తుల నుండి గాలిని నింపుకుంటుంది. కానీ ఆ గాలి అణువులు మామూలు పరిమాణంలోనివి. కుదించిన మనుషుల ఊపిరితిత్తులకు అవి మరీ పెద్దవి. అందుకే నవలలో ఆ గాలిని కూడా ముందుగా కుదించే ఏర్పాటు కల్పించారు.

అసలు కుదించడమే అసాధ్యం కాదా అని మీరు అడగవచ్చు. నిజమే. పరమాణువులను దగ్గరకు నొక్కితే బరువు తగ్గదు. కొన్నిటిని తొలగిస్తే మెదడు మెదడుగా మిగలదు. 1987లో వ్రాసిన ‘ఫెంటాస్టిక్ వాయేజ్ 2: డెస్టినేషన్ బ్రెయిన్’ అనే నవలలో అసిమోవ్ ప్లాంక్ స్థిరాంకాన్నే తగ్గించినట్లు ఊహించారు. అదీ కల్పనే. విజ్ఞాన కల్పనలో ఒక అసాధ్యాన్ని అంగీకరించవచ్చు. కానీ అంగీకరించిన తరువాత దాని పర్యవసానాలన్నింటికీ లెక్క చెప్పాలి. తెరపై దృశ్యవేగం ఆ లెక్కను కప్పివేయగలదు. నవలా పాఠకుడు ఆగి, వెనుకటి పుట తిరగేసి, ఓడ ఏమైనదని అడుగుతాడు.

నిర్మాణంలో జాప్యం వలన నవలే చిత్రం కన్నా ముందు వెలువడింది. దానితో నవల ఆధారంగానే చిత్రం తీశారని చాలామంది భావించారు.

సెలవు దినాలలో మన పిల్లలు ఒక ప్రయత్నం చేయవచ్చు. ‘ఆదిత్య 369’ (1991) వంటి చిత్రం చూసి, అందులోని కాలయంత్రం కదిలే ఒక్క ఘట్టాన్ని సొంత మాటలలో రెండు పుటలు వ్రాయాలి. ఎక్కడ కలం ఆగుతుందో అక్కడ ఒక ప్రశ్న ఉన్నట్లే. పెద్దలు వెంటనే జవాబు చెప్పవద్దని మా మనవి.